సబ్సిడీ పిల్లలను చూసే హోమ్ డేకేర్: కాలిఫోర్నియా నాణ్యత ప్రమాణాలను అందుకోవడం ఎలా

బే ఏరియాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రీమాంట్, శాన్ రామోన్ లాంటి ఊళ్లలో ఇంట్లోనే డేకేర్ నడుపుతూ, ఇన్నాళ్లూ సొంతంగా ఫీజు కట్టే తల్లిదండ్రుల పిల్లలనే చూసినవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ప్రభుత్వ సబ్సిడీ వచ్చే కుటుంబాల పిల్లలను కూడా తీసుకుందామని, రాష్ట్రంతో కాంట్రాక్టు ఉన్న ఏజెన్సీ నెట్‌వర్క్‌లో చేరగానే లైసెన్స్ నియమాలతో పాటు మరో నియమావళి మీ చేతికి వస్తుంది. అది చదివి చాలామంది మొదట చేసే పని షాపుకు వెళ్లి బొమ్మలు, అరలు, రంగుల చాపలు కొనడం. ఆ డబ్బు ఖర్చు పెట్టేముందు ఒక్క వారం ఆగండి. నెట్‌వర్క్ మీ ఇంటికి వేసే నాణ్యత స్కోరు ఎక్కువగా పడిపోయేది సింకు దగ్గర, డయపర్ మార్చే చోట, అన్నానికి కూర్చోబెట్టే ముందు ఐదు నిమిషాల్లో. రోజు నడిచే తీరు సరిచేసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు. కాకపోతే అలవాటు కావడానికి నెల పడుతుంది.

ఎవరు ఏం చూస్తారు

టైటిల్ 22 అంటే లైసెన్స్ నియమాలు. రాష్ట్ర సోషల్ సర్వీసెస్ శాఖలోని కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం వీటిని చూస్తుంది. వాళ్ల తనిఖీకి ముందస్తు కబురు ఉండదు. ఇందులో ఉన్నవన్నీ భద్రతకు సంబంధించిన కనీస షరతులు. ఇక్కడ మార్కులు ఉండవు, పాటించామా లేదా అన్నదే ప్రశ్న.

టైటిల్ 5 అంటే రాష్ట్రం డబ్బుతో నడిచే కార్యక్రమాల నియమాలు. ఇక్కడ రెండు దారులున్నాయని గమనించండి. ఆల్టర్నేటివ్ పేమెంట్ ఏజెన్సీ ద్వారా వోచర్‌తో వచ్చే కుటుంబమైతే, డేకేర్‌ను ఎంచుకునేది తల్లిదండ్రులే. మీకు లైసెన్స్, హాజరు కాగితాలు సరిగా ఉంటే ఏజెన్సీ డబ్బు చెల్లిస్తుంది. ఫ్యామిలీ చైల్డ్ కేర్ హోమ్ ఎడ్యుకేషన్ నెట్‌వర్క్ దారి వేరు. అక్కడ రాష్ట్రంతో కాంట్రాక్టు ఏజెన్సీది, మీ ఇల్లు అందులో సభ్యురాలు. అందుకే పిల్లల ఎదుగుదల నమోదు, పరిసరాల రేటింగ్, తల్లిదండ్రుల సర్వే, ఏడాదికి కనీసం రెండుసార్లు ప్రతి కుటుంబంతో విడిగా సమావేశం, మీకు శిక్షణ, ఇవన్నీ దానితో పాటే వస్తాయి. ఇకపై చెప్పేదంతా ఈ రెండో దారి గురించే. వోచర్ పిల్లలు మాత్రమే ఉన్నా ఇలా నడిపితే నష్టం లేదు.

ముందు తలల లెక్క

నాణ్యత మాట తర్వాత. ఇంట్లో ఎంతమంది పిల్లలున్నారన్న లెక్క తప్పితే లైసెన్స్‌కే ముప్పు. కాలిఫోర్నియా లెక్కలో ఇన్‌ఫాంట్ అంటే రెండేళ్లు నిండని బిడ్డ. నడక, మాటలు వచ్చిన ఇరవై నెలల పిల్ల కూడా ఇన్‌ఫాంటే. చిన్న లైసెన్స్ ఉన్నవాళ్లు ఒక్కరే చూస్తే నలుగురు ఇన్‌ఫాంట్లు మాత్రమే, లేదా ఆరుగురు పిల్లలు, అందులో ఇన్‌ఫాంట్లు ముగ్గురికి మించకుండా. ఎనిమిది మంది దాకా వెళ్లాలంటే ఒకరు కిండర్‌గార్టెన్‌కో ఎలిమెంటరీ స్కూలుకో వెళ్తూ ఉండాలి, ఇంకొకరికి కనీసం ఆరేళ్లుండాలి, ఇన్‌ఫాంట్లు ఇద్దరు దాటకూడదు. తల్లిదండ్రులందరికీ ఈ సంగతి తెలియజేయాలి. అద్దె ఇల్లయితే యజమాని రాతపూర్వక అంగీకారం కావాలి. పెద్ద లైసెన్స్‌కు సహాయకురాలు ఉంటేనే 12 మంది, నలుగురు ఇన్‌ఫాంట్లకు మించకుండా. పై షరతులతో 14 మంది, ముగ్గురు ఇన్‌ఫాంట్లకు మించకుండా. ఆ రోజు సహాయకురాలు రాకపోతే మీది చిన్న లైసెన్స్ కిందే లెక్క. అందుకే ఆమె సెలవు పెట్టే రోజు ఎవరికి ఫోన్ చేయాలో ముందే రాసి పెట్టుకోండి.

ఇంట్లో ఉండే మీ సొంత పిల్లల్లో పదేళ్లు నిండనివాళ్లు కూడా ఈ లెక్కలోకి వస్తారు. ఉదయం ఆరుగురితో సరిపోయిన ఇల్లు, మధ్యాహ్నం మూడింటికి మీ రెండో తరగతి బాబు స్కూలు నుంచి రాగానే ఏడుగురి ఇల్లవుతుంది. గంటగంటకూ ఎవరుంటారో ఒక కాగితం మీద గళ్లు గీసి రాసుకుంటే ఇలాంటివి ముందే బయటపడతాయి.

పద్దెనిమిదేళ్లు దాటి ఇంట్లో నివసించే ప్రతి ఒక్కరికీ లైవ్‌స్కాన్ వేలిముద్రల క్లియరెన్స్ ఉండాలి. లేకపోతే మనిషికి రోజుకు 100 డాలర్ల జరిమానా. తెలుగు ఇళ్లలో ఇది ఇండియా నుంచి నెలల తరబడి ఉండటానికి వచ్చే అమ్మానాన్నల, అత్తమామల దగ్గర తప్పుతుంది. టికెట్లు కొన్నప్పుడే లైసెన్సింగ్ అనలిస్ట్‌కు (మీ లైసెన్స్ చూసే అధికారికి) చెప్పి ఏం చేయాలో అడగండి. క్లియరెన్స్ రాకముందే వాళ్లు ఇంట్లో ఉండటం మొదలుపెడితే ఆ జరిమానా పడవచ్చు; పిల్లలతో ఒంటరిగా అయితే ఐదు నిమిషాలు కూడా వదలొద్దు. మీరు కూరగాయలకు వెళ్లి అమ్మమ్మను కూర్చోబెట్టడం అస్సలు కుదరదు. అన్నట్టు లైసెన్స్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే డేకేర్ నడిచే రోజులో 80 శాతం సమయం ఇంట్లో ఉండాలి.

మిగతా కనీస షరతులు గబగబా చెప్పేస్తాం: 2ఏ10బీసీ రకం మంటలార్పే సిలిండర్, స్మోక్ అలారం, కార్బన్ మోనాక్సైడ్ అలారం, ఐదేళ్ల లోపు పిల్లలుంటే మెట్లకు గేటు, విషపదార్థాలు తాళంలో, మందులు, సబ్బుపొడి పిల్లలకు అందని చోట, ఆరు నెలలకోసారి అగ్నిప్రమాదం, భూకంపం డ్రిల్లు, తేదీతో నమోదు, పిల్లల ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ రెండేళ్లకోసారి కొత్తగా. చక్రాల బేబీ వాకర్‌ను ఇంట్లో ఉంచనే కూడదు. ఎవరో ప్రేమతో ఇచ్చారని అటకెక్కించడం కాదు, ఇంటి నుంచి పంపేయండి.

రేటింగ్ స్కేల్ లెక్క ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి

నెట్‌వర్క్ వాడేది ఫ్యామిలీ చైల్డ్ కేర్ ఎన్విరాన్‌మెంట్ రేటింగ్ స్కేల్. 2007 నాటి సవరించిన ముద్రణలో 38 అంశాలు, ఏడు విభాగాలు; 2019 నాటి మూడో ముద్రణలో 33 అంశాలు, ఆరు విభాగాలు. నెట్‌వర్క్ తరఫున మీ ఇంటికి వచ్చే కోఆర్డినేటర్ ఏ ముద్రణ పట్టుకొని వస్తున్నారో అడిగి, అదే చదవండి. ఒకదానికి సిద్ధమై ఇంకొకదానితో పరీక్ష రాస్తే నష్టపోతారు. ఒక్కో అంశానికి 1 నుంచి 7 మార్కులు: 1 అంటే చాలదు, 3 అంటే కనీసం, 5 అంటే బాగుంది, 7 అంటే చాలా బాగుంది. విభాగానికి విభాగం సగటు కనీసం 5 ఉండాలి.

ఈ మార్కులు మన స్కూలు పరీక్షల్లా కూడుకుంటూ పోవు, మెట్లెక్కినట్టు ఉంటాయి. 1 కింద రాసిన లోపాల్లో ఒక్కటి ఉన్నా ఆ అంశానికి 1 పడిపోతుంది. పైన 5, 7 కింద ఉన్న మంచి పనులన్నీ మీరు చేస్తున్నా సరే. 3 కింద ఉన్నవన్నీ పూర్తయ్యాకే 5 కింద ఉన్నవాటిని లెక్కలోకి తీసుకుంటారు. 3వి అన్నీ ఉండి 5లో సగమైనా ఉంటే 4. 5వి అన్నీ ఉండి 7లో సగం ఉంటే 6.

ఒక లెక్క వేసి చూడండి. సవరించిన ముద్రణలో పిల్లల సంరక్షణ విభాగంలో ఆరు అంశాలు: పలకరింపు-వీడ్కోలు, నిద్ర, భోజనం, డయపర్-టాయిలెట్, ఆరోగ్య అలవాట్లు, భద్రత. చేతులు కడగడం సరిగా లేకపోతే భోజనం, డయపర్, ఆరోగ్యం అనే మూడూ ఒకేసారి 1కి పడిపోవచ్చు. మిగతా మూడింటికీ 7 వచ్చినా మొత్తం 24, సగటు 4. మూడింట ఏడుకు ఏడు తెచ్చుకున్న ఇల్లు ఒక్క సింకు అలవాటుతో ప్రమాణం కిందికి పోయింది. అందుకే స్కేల్ చదివేటప్పుడు ముందు 1 కింద ఉన్న వరుసలన్నీ చదివి, మన ఇంట్లో కనిపించేవాటికి టిక్కు పెట్టుకోండి. అవి పోయాక 3 వరుసలు. కొనాల్సినవి ఏమైనా ఉంటే 5 వరుసల దగ్గర తేలతాయి.

పరిశీలన కనీసం మూడు గంటలుంటుంది. 2007 నాటి ముద్రణ అయితే తర్వాత కంటికి కనబడనివాటి గురించి ప్రశ్నలు అడుగుతారు. ఆ రోజు మాత్రమే బాగా చేద్దామనుకుంటే పిల్లలే పట్టిస్తారు. రోజూ కడుక్కోని బిడ్డను ఆ రోజు సింకు దగ్గరికి తీసుకెళ్తే ఏడుస్తుంది.

చేతులు, డయపర్, భోజనాల బల్ల

చేతులు కడగాల్సిన వేళలు: ఇంట్లోకి రాగానే, బయట ఆడి లోపలికి రాగానే, తినేముందు, తిన్నాక, టాయిలెట్ లేదా డయపర్ అయ్యాక, ముక్కు తుడిచాక, నీళ్లాటకు ముందు, మట్టి-రంగులతో ఆడాక. ఇవి మీకూ, పిల్లలకూ. డయపర్ మార్చిన ఆరు నెలల బిడ్డ చేతులు కూడా సబ్బునీళ్లతో కడగాలి. ఎక్కువగా మరిచిపోయేది ఇదే. సబ్బుతో 20 సెకన్లు రుద్ది, పారే నీటిలో కడిగి, ఒక్కొక్కరూ విడి పేపర్ టవల్‌తో తుడుచుకోవాలి. ఒకే టవల్ కొక్కేనికి వేలాడదీసి ఆరుగురూ తుడుచుకుంటే కడిగినా కడగనట్టే. గిన్నెలో నీళ్లు పోసి వరుసగా అందరి చేతులూ ముంచడం పారే నీటి కింద లెక్కకు రాదు. శానిటైజర్ కూడా సబ్బుకు బదులు కాదు.

ఒకే సింకులో డయపర్ తర్వాత చేతులు కడిగి, తర్వాత కూరగాయలు కడిగితే అది లోపమే. వీలైతే డయపర్ చోటు బాత్రూమ్ సింకు దగ్గర పెట్టుకోండి, వంటింటి సింకు వంటకే ఉంచండి. వేరే దారి లేకపోతే మధ్యలో కుళాయి పిడితో సహా సింకును డిసిన్‌ఫెక్ట్ చేయాలి.

డయపర్ మార్చే వరుస: కావాల్సినవన్నీ ముందే తీసి పెట్టుకోండి, ఎందుకంటే బిడ్డ బల్ల మీద ఉండగా ఒక చెయ్యి బిడ్డ మీదే ఉండాలి. పేపర్ పరచండి. తొడుగులు వేసుకొని, డయపర్ తీసి, ముందు నుంచి వెనక్కి తుడిచి, మురికివన్నీ కాలితో నొక్కి తెరిచే మూత డబ్బాలో వేయండి. తొడుగులు తీసేశాకే శుభ్రమైన డయపర్ ముట్టుకోండి. బిడ్డ చేతులు కడిగి ఆటకు పంపండి. తర్వాత బల్లను సబ్బునీటితో తుడిచి, ఆపై డిసిన్‌ఫెక్టెంట్ చల్లి సీసా లేబుల్ మీద రాసినంత సేపు తడిగా ఉండనివ్వండి. బ్లీచ్ ఎంత కలపాలన్నది కూడా ఆ లేబుల్ మీదిదే పాటించండి, సీసా సీసాకూ గాఢత మారుతుంది. చల్లిన మరుక్షణం తుడిచేస్తే క్రిములు చావవు. ఎక్కువగా కనిపించే తప్పు ఇదే. చివరగా మీ చేతులు.

భోజనాల బల్లకూ అదే వరుస: సబ్బునీరు, తర్వాత శానిటైజింగ్ ద్రావణం, ఆరే వ్యవధి. అప్పుడే పిల్లల చేతులు కడిగి నేరుగా కూర్చోబెట్టండి. చేతులు కడిగాక పది నిమిషాలు చాప మీద కూర్చోబెట్టి పాటలు పాడిస్తే వాళ్లు మళ్లీ బొమ్మలు, నేల ముట్టుకుంటారు, కడిగింది వృథా.

నిద్ర

ఏడాది లోపు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, ప్రతి ఒక్కరికీ విడి క్రిబ్ లేదా ప్లే యార్డ్, గట్టి పరుపు, దాని మీద బిగుతుగా పట్టే షీటు. లోపల దిండు, బొంత, బొమ్మ, బంపర్ ఏవీ ఉండకూడదు. గుడ్డలో బిగించి చుట్టడం నిషేధం. చీర ఉయ్యాలలో, కార్ సీటులో, ఒళ్లో నిద్రపోయిన బిడ్డను క్రిబ్‌లోకి మార్చాలి. మెడలో దిష్టిపూసల దండ, దారం ఉంటే పడుకోబెట్టేముందు తీసేయాలి, మెడకు చుట్టుకునే ప్రమాదం ఉంది. చేర్చుకునే రోజే తల్లిదండ్రులకు ఈ మాట మర్యాదగా చెప్పి, ఇంటికెళ్లేటప్పుడు మళ్లీ వేస్తామని ఒప్పించండి. నిద్రలేవగానే పెట్టే కాటుక విషయంలోనూ వాళ్లతో మాట్లాడటం మంచిది. కొన్ని రకాల కాటుకలో సీసం ఉంటుందని అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. చేర్చుకునేటప్పుడు తల్లిదండ్రులకు సీసం గురించిన సమాచార పత్రం ఇవ్వడం ఎలాగూ నియమమే.

ఏడాది లోపు ప్రతి బిడ్డకూ ఎల్‌ఐసీ 9227 నిద్ర ప్రణాళిక ఫారం నింపి ఫైలులో పెట్టాలి. రెండేళ్ల లోపు పిల్లలు నిద్రపోతున్నంత సేపూ 15 నిమిషాలకోసారి దగ్గరికి వెళ్లి ఊపిరి, ఒంటి రంగు, వేడి చూసి సమయం రాయాలి. మానిటర్ తెరలో చూడటం చాలదు. ఒంటి గంట నుంచి మూడు దాకా అందరికీ ఒకేసారి వరుసగా టిక్కులు పెట్టిన కాగితం చూడగానే తెలిసిపోతుంది. ఫోన్‌లో 15 నిమిషాల టైమర్ పెట్టుకొని, మోగినప్పుడే రాయండి. పిల్లల మంచాల మధ్య మూడు అడుగుల దూరం ఉంచండి.

మన వంట, వాళ్ల కొలతలు

భోజనం ఖర్చుకు సీఏసీఎఫ్‌పీ అనే కేంద్ర ఆహార కార్యక్రమం డబ్బు ఇస్తుంది. స్పాన్సర్ సంస్థ ద్వారా చేరాలి. రోజుకు ఒక్కో బిడ్డకు రెండు భోజనాలు, ఒక చిరుతిండి, లేదా ఒక భోజనం, రెండు చిరుతిళ్లు దాకా చెల్లిస్తారు. స్పాన్సర్ ఏడాదిలో మూడుసార్లు వస్తారు, అందులో కనీసం రెండుసార్లు చెప్పకుండా. పప్పన్నం పెట్టుకోవచ్చా అంటే నిక్షేపంగా పెట్టుకోవచ్చు, కానీ కొలత తెలియాలి.

మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు మధ్యాహ్న భోజనం ఇలా: పాలు 6 ఔన్సులు, మాంసం లేదా దానికి బదులు 1.5 ఔన్సులు, కూర పావు కప్పు, పండు పావు కప్పు, ధాన్యం అర ఔన్సు లెక్క, అంటే వండిన అన్నం పావు కప్పు. ఒకటి, రెండేళ్లవాళ్లకు పాలు 4 ఔన్సులు, మాంసం బదులు 1 ఔన్సు, కూర, పండు అరపావు కప్పు చొప్పున. ఏడాది నుంచి రెండేళ్లు నిండేవరకు వెన్న తీయని పాలు, ఆ తర్వాత 1 శాతం కొవ్వున్నవి లేదా కొవ్వు లేనివి.

మన వంటలో పొరపాట్లు ఎక్కడొస్తాయంటే:

- ఉడికిన పప్పు పావు కప్పు అంటే 1 ఔన్సు మాంసానికి సమానం. నాలుగేళ్ల బిడ్డకు ఆరు టేబుల్ స్పూన్ల ముద్దపప్పు కావాలి. చారులా పలచన చేసిన పప్పు గరిటెడు పోస్తే అందులో పప్పు ఎంతుందో ఎవరూ చెప్పలేరు, లెక్క కట్టరు. పిల్లలకు గట్టిగా వండి, కప్పుతో కొలిచి పెట్టండి. అదే పప్పును అదే పూట కూర కింద కూడా చూపించకూడదు.
- తెల్ల బియ్యం ఎన్‌రిచ్డ్ అని సంచి మీద ఉంటేనే ధాన్యం కింద చెల్లుతుంది. ఇండియన్ స్టోర్‌లో దొరికే చాలా సోనా మసూరి సంచుల మీద ఆ మాట ఉండదు. ఐరన్, నియాసిన్, ఫోలిక్ యాసిడ్ కలిపినట్టు పదార్థాల జాబితాలో ఉందేమో చూడండి, లేదా ముడి బియ్యం వాడండి. ఎన్‌రిచ్డ్ బియ్యాన్ని మనం అలవాటుగా రెండు మూడు సార్లు కడిగితే ఆ కలిపినవి నీళ్లతో పోతాయి. రోజుకు ఒక్కపూటైనా ముడి ధాన్యం వంటకం ఎలాగూ తప్పనిసరి.
- ఇంట్లో తోడు పెట్టిన పెరుగు చెల్లదు, కొన్న పెరుగే చెల్లుతుంది: అర కప్పు 1 ఔన్సు మాంసానికి సమానం. పెరుగన్నం పెట్టినా పాల గ్లాసు విడిగా ఉండాల్సిందే.
- కేకులు, తీపి బిస్కెట్లకు డబ్బు రాదు. పండ్ల రసం రోజుకు ఒక్కసారి మించదు.

ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. నాలుగేళ్ల లోపు పిల్లలకు పల్లీలు, జీడిపప్పు పలుకులు, పాప్‌కార్న్, కోయని ద్రాక్ష పెట్టొద్దు. ద్రాక్షను నిలువునా నాలుగు ముక్కలు చేయండి. తినిపించే తీరు గురించి ఒక మాట: ఒకే పళ్లెంలో అన్నం కలిపి అదే చేత్తో నలుగురికి ముద్దలు పెట్టడం ప్రేమే, కాని ఒకరి ఎంగిలి ఇంకొకరికి చేరుతుంది. ఎవరి పళ్లెం వాళ్లకు ఇచ్చి, మీరూ వాళ్లతో బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుతూ తినండి. రెండేళ్ల పిల్ల సగం కింద పోసుకున్నా తానే తిననివ్వాలి. ఫోన్ చూపిస్తూ తినిపిస్తే భోజనంలోనూ, స్క్రీన్ అంశంలోనూ మార్కులు పోతాయి. చంటిబిడ్డకు సీసా మీరే ఎత్తుకొని పట్టాలి, దిండుకు ఆనించి వదిలేయకూడదు.

భోజనాల లెక్క ఆ రోజే రాయాలి. వారం చివర గుర్తు తెచ్చుకొని రాసిన లెక్క చెప్పకుండా వచ్చిన రోజున దొరికిపోతుంది.

ఆట, మాట

ఇల్లు స్కూలులా కనబడనక్కర్లేదు. పిల్లలు మేలుకొని ఆడగలిగే సమయంలో ఎక్కువ భాగం బొమ్మలు వాళ్ల చేతికి అందాలి, అంతే. పై అరలో అందంగా సర్దిన పజిల్స్ లేనట్టే లెక్క. అందుకే కొనడం కన్నా దించడం ముఖ్యం: ఎత్తు తక్కువ అర, మూతలేని బుట్టలు, బుట్ట మీద ఫొటో. పుస్తకాలు, బ్లాకులు, బొమ్మలాట సామాను, సంగీతం, బొమ్మలు గీసే సరుకు, ఇసుక లేదా నీళ్లు, ఇలా రకాలు ఉండాలి. వంటింటి పాత స్టీలు గిన్నెలు, చపాతీ కర్ర, ఖాళీ పప్పు డబ్బాలు బొమ్మలాటకు చక్కగా పనికొస్తాయి. తెలుగు, హిందీ, స్పానిష్ పుస్తకాలు, రకరకాల మనుషుల బొమ్మలున్న పుస్తకాలు ఉంటే వైవిధ్యం అంశంలో కలిసొస్తుంది. ఒక మెత్తని మూల, ఒక్కరే కూర్చోగలిగే ఒక చోటు ఉంచండి. రోజంతా నడిచే డేకేర్‌లో బయట ఆటకు కనీసం గంట.

రెండేళ్ల లోపువాళ్లకు టీవీ వద్దు. పెద్దవాళ్లకు కాసేపు పెట్టినా, చూడటం ఇష్టం లేని బిడ్డకు పక్కన ఇంకో ఆట తెరిచి ఉండాలి. హాల్లో తాతగారి కోసం వార్తలు మోగుతూ ఉంటే అది కూడా టీవీయే.

మాట విషయంలో మార్కులు వచ్చేది పాటలు, రైమ్స్ ఎన్ని వచ్చన్నదానికి కాదు. చేస్తున్న పనిని మాటల్లో చెప్పడం, బిడ్డ సైగకు బదులివ్వడం, జవాబు కోసం ఆగడం చూస్తారు. "అది ఏ రంగు?" అనే ప్రశ్న ఒక్క మాటతో అయిపోతుంది. "ఇది ఎందుకు పడిపోయిందంటావ్?" అన్నాక ఐదు సెకన్లు ఊరుకోండి. "అలా చేయకు, కూర్చో, ఆగు" అనే మాటలు రోజులో ఎన్నిసార్లు వస్తున్నాయో ఒక అరగంట ఫోన్‌లో రికార్డు చేసుకొని విని, చెరిపేయండి. అది విన్నాక వేరే శిక్షణ అక్కర్లేదనిపిస్తుంది.

ఎదుగుదల నమోదు

డీఆర్‌డీపీ అనే పత్రాన్ని, అంటే ఎదుగుదలలో ఒక్కో అంశంలో బిడ్డ ఏ మెట్టు మీద ఉందో రాసేదాన్ని, బిడ్డ చేరిన 60 రోజుల్లోపు పూర్తి చేయాలి, తర్వాత ఆరు నెలలకోసారి. ఈ 60 క్యాలెండర్ రోజులు, శని ఆదివారాలు, సెలవులు కలిపే. ఎక్కువమంది 50వ రోజున కూర్చుని గుర్తున్నదాన్ని బట్టి నింపుతారు, అందుకే అన్ని పిల్లల పత్రాలూ ఒకేలా ఉంటాయి. మొదటి రోజు నుంచే వారానికి బిడ్డకు రెండు మూడు చిన్న నోట్లు రాస్తే 60 రోజులకు సుమారు ఇరవై అవుతాయి, సరిపోతాయి. ఫొటోలు, గీసిన బొమ్మలు కూడా సాక్ష్యమే.

నోటు అంటే చూసినది, విన్నది. "బాగా ఆడింది, తెలివైన పిల్ల" అన్నది మీ అభిప్రాయం, దానితో ఏ మెట్టూ నిర్ణయించలేరు. "మార్చి 4, అల్పాహారం. ప్లేట్లు పంచుతూ 'ఒకటి, రెండు, మూడు' అని లెక్కపెట్టింది, నాలుగో ప్లేటు దగ్గర ఆగి నా వైపు చూసింది." దీనితో సంఖ్యల అంశం నింపవచ్చు, పెద్దవాళ్లతో మెలగడం అనే అంశానికీ పనికొస్తుంది. తేదీ, చోటు, బిడ్డ అన్న మాట అన్నట్టుగానే. బిడ్డ తెలుగులో అంటే తెలుగులోనే రాయండి. బిడ్డ మాట్లాడే అన్ని భాషల్లో చూపిన నేర్పునూ లెక్కలోకి తీసుకోవాలి. ఇంగ్లిష్‌లో మూగగా ఉండే బిడ్డ ఇంటి భాషలో కథ మొత్తం చెబుతుంటే, ఇంగ్లిష్ ఒక్కటే చూసి భాషా అంశాల్లో తక్కువ మెట్టు వేయడం అన్యాయం. మీకు తెలియని భాషైతే తల్లిని అడిగి రాయండి. ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ప్రీస్కూల్ పత్రంలో వేరే అంశాలున్నాయి.

నింపి ఫైల్లో పెట్టేస్తే దాని ప్రయోజనం సగం పోతుంది. ఏ అంశంలో చాలామంది వెనకబడ్డారో చూసి, వచ్చే నెల ప్రణాళికలో దానికి రెండు ఆటలు చేర్చండి. కోఆర్డినేటర్ అడిగేది ఈ లింకే.

సంతకాలు, సమయాలు

డబ్బు ఆగేది దాదాపు ఎప్పుడూ హాజరు పట్టీ వల్లే. దింపిన సమయం, తీసుకెళ్లిన సమయం నిమిషాలతో సహా, దింపినవాళ్ల పూర్తి సంతకంతో, అప్పటికప్పుడు. రోజూ 8:00, 5:00 అని గుండ్రంగా ఉన్న పట్టీ, ఒకే పెన్నుతో ఒకే ఊపులో పెట్టిన ముప్పై సంతకాలు అనుమానానికి తావిస్తాయి. తల్లి మరిచిపోయిందని మీరు ఆమె పేరు రాయడం అంతకన్నా పెద్ద తప్పు. స్కూలుకు పంపే పిల్లలుంటే ఆ రాకపోకల సమయాలు మీరు రాయాలి. పట్టీని తలుపు పక్కనే క్లిప్‌బోర్డుకు పెట్టి, పెన్ను దారంతో కట్టేయండి.

ఏజెన్సీ పంపే నోటీస్ ఆఫ్ యాక్షన్ చదివాకే బిడ్డను తీసుకోండి. అందులో ఏ తేదీ నుంచి, వారానికి ఎన్ని గంటలకు అనుమతి ఉందో ఉంటుంది. అంతకుముందు చూసిన రోజులకు చెల్లింపు రాదు. సబ్సిడీ కుటుంబానికీ, సొంతంగా కట్టే కుటుంబానికీ మీ ఫీజు పట్టిక ఒకటే ఉండాలి.

లైసెన్సింగ్ తనిఖీలో టైప్ ఏ లోపం, అంటే పిల్లలకు తక్షణ ప్రమాదం అని రాస్తే ఆ నివేదికను 30 రోజులు గోడకు పెట్టాలి, తల్లిదండ్రులకు కాపీ ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. వాళ్లకు వేరేచోట తెలిసేదానికన్నా అదే సాయంత్రం మీరే చెప్పడం మేలు. ఏం జరిగింది, ఏం మార్చారు, ఏ తేదీకి అన్న మూడే చెప్పండి. రేటింగ్‌లో ఏదైనా విభాగం 5 కన్నా తగ్గితే మీరూ కోఆర్డినేటరూ కలిసి దిద్దుబాటు ప్రణాళిక రాస్తారు. అందులో "శుభ్రత మెరుగుపరుస్తాం" అని రాయకండి. "డయపర్ బల్ల బాత్రూమ్‌లోకి మార్చాం, కాలితో తెరిచే డబ్బా కొన్నాం, గోడకు కడిగే వరుస అంటించాం, ప్రతి శుక్రవారం సహాయకురాలు నన్ను చూసి టిక్కు పెడుతుంది" అని రాయండి. నెల తర్వాత ఆ టిక్కుల కాగితం చూపించి, ఆ ఒక్క విభాగాన్ని మళ్లీ చూడమని అడగండి.